5 బిట్లు తిరగేస్తే -6 వస్తోంది, 4294967290 రావాలి కదా? (పైథాన్)

ఎచ్చెర్ల_బ్యాక్‌బెంచ్
ల్యాబ్‌లో ఇచ్చిన లెక్క. ఒక సంఖ్య ఇస్తారు. దాన్ని 32 బిట్ల సంఖ్య అనుకుని 0 ఉన్నచోట 1, 1 ఉన్నచోట 0 పెట్టి, వచ్చినదాన్ని మళ్లీ మామూలు అంకెల్లో ప్రింట్ చెయ్యాలి. 5 కి 4294967290 రావాలని షీటులోనే ఉంది. నేను పైథాన్‌లో ఇలా కొట్టాను:

ప్రింట్(~5)

-6 వచ్చింది. 0 ఇస్తే -1, 1 ఇస్తే -2, 10 ఇస్తే -11. ఈ మైనస్ ఎక్కణ్ణుంచి వస్తోంది? ఆన్‌లైన్ కంపైలర్‌లో వేసినా ఇదే. పక్క బెంచీవాడు సీ భాషలో రాస్తే మాత్రం సరిగ్గానే వచ్చింది.

పలాస_జీడిపప్పు
పక్క బెంచీలోకి మారిపో. గొడవొదిలిపోద్ది.

ఆమదాలవలస_ప్యాసింజర్
~ గుర్తు తప్పేమీ చెయ్యలేదు. 32 బిట్లు అన్న సంగతి షీటుకి తెలుసు, నీకు తెలుసు, పైథాన్‌కి ఎవరూ చెప్పలేదు.

పైథాన్‌లో పూర్ణసంఖ్యకి ఇన్ని బిట్లే అని హద్దు లేదు. 5 అంటే 101. దానికి ఎడమవైపు ఎంత దూరం పోయినా సున్నాలే ఉన్నట్టు లెక్క. అది తిరగేస్తే 010 అవుతుంది, ఎడమవైపు సున్నాలన్నీ ఒకట్లవుతాయి, ఆ ఒకట్లకి అంతుండదు. అలా ఎడమవైపు తెగకుండా ఒకట్లు ఉంటే అది మైనస్ సంఖ్య. అందుకే ~న (న అంటే ఏ పూర్ణసంఖ్యైనా) ఎప్పుడూ -న - 1 కి సమానం. నువ్వు రాసిన 0, 1, 10 మూడింటికీ వేసి చూసుకో, సరిపోతుంది.

నీకు కావలసింది కింది 32 బిట్లు మాత్రమే కాబట్టి మిగతావి నువ్వే కోసెయ్యాలి. ఈ రెండిట్లో ఏదైనా సరే:

~5 & 4294967295
5 ^ 4294967295

4294967295 అంటే వరుసగా 32 ఒకట్లు, ఇలా వాడేదాన్ని మాస్క్ అంటారు. & రెండిట్లోనూ 1 ఉన్నచోటే 1 ఉంచుతుంది, ^ (ఎక్సార్) మాస్క్‌లో 1 ఉన్నచోట బిట్‌ని తిరగేస్తుంది. మొదటిది ముందు అన్నిటినీ తిరగేసి, తర్వాత కింది 32 ఉంచి పైవి కొట్టేస్తుంది. రెండోది అసలు ఆ 32 తప్ప దేన్నీ ముట్టుకోదు. రెండిటికీ 4294967290 వస్తుంది.

టెక్కలి_గుంటడు
ఇంతోటిదానికి బిట్లెందుకు? 4294967295 - 5 అంటే అయిపోద్ది.

ఆమదాలవలస_ప్యాసింజర్
అవుతుంది. అన్నీ ఒకట్లే ఉన్నదాంట్లోంచి తీసివేస్తే ఏ స్థానంలోనూ అప్పు తెచ్చుకునే పని పడదు. 1 లోంచి 0 తీస్తే 1, 1 లోంచి 1 తీస్తే 0, అదే తిరగేయడం. కాకపోతే ఇచ్చిన సంఖ్య 0 నుంచి 4294967295 లోపే ఉండాలి. దాటి వస్తే తీసివేతకి మైనస్ వస్తుంది, & రాసినవాడికి పై బిట్లు చప్పుడు చెయ్యకుండా పోతాయి. నాకైతే మైనస్ రావడమే నయం, తప్పని కనిపిస్తుంది.

ఎచ్చెర్ల_బ్యాక్‌బెంచ్
ఆ పెద్ద అంకె గుర్తుండదని ఇలా రాశాను:

5 ^ 1 << 32 - 1

2147483653 వచ్చింది. ఇదేటి మళ్లీ?

బొబ్బిలి_వీణ
బ్రాకెట్లు. కూడిక, తీసివేత ముందు జరుగుతాయి, << (బిట్లని ఎడమవైపు జరపడం) వాటి తర్వాత, ^ ఇంకా తర్వాత. కాబట్టి నువ్వు రాసింది 5 ^ (1 << 31) అయింది. 1 << 31 లో ఒక్కటే ఒకటి ఉంటుంది, అదీ కొట్టకొసన. దాని విలువ 2147483648. 5 లో ఆ ఒక్క బిట్టే తిరిగింది, అందుకే 2147483648 + 5. ఇలా రాయి:

5 ^ ((1 << 32) - 1)

ఈ విషయంలో సీ, జావా, పైథాన్ మూడిటి పద్ధతీ ఒకటే. తేడా పోలికల దగ్గర వస్తుంది. "న & 1 == 0" అని రాస్తే పైథాన్ ముందు & చేస్తుంది, సీలో ముందు == జరుగుతుంది. సీలో అది న & (1 == 0), అంటే ఎప్పుడూ 0. పైథాన్‌లో నడిచిన వరుసని సీలోకి దించుకునేవాళ్లకి ఇక్కడ దెబ్బ తగులుతుంది. జావాలో == ముందే జరిగినా, పూర్ణసంఖ్యకీ బూలియన్‌కీ & కుదరదని కంపైలర్ అక్కడే ఆపేస్తుంది.

సాలూరు_లారీ
బ్రాకెట్టుకి పైసా ఖర్చు లేదు బాబూ, అనుమానం వచ్చిన ప్రతిచోటా పెట్టీయండి.

టెక్కలి_గుంటడు
మాస్కులూ గీస్కులూ లేకుండా స్ట్రింగ్‌తో చేసీవచ్చు. 5 ని 32 అక్షరాల బైనరీ స్ట్రింగ్‌గా మార్చు, 0 ని 1 గా రీప్లేస్ చెయ్యి, 1 ని 0 గా రీప్లేస్ చెయ్యి, మళ్లీ ఇంట్‌లోకి తెచ్చుకో. చదివితే ఎవడికైనా అర్థమవుద్ది.

ఆమదాలవలస_ప్యాసింజర్
అర్థమవుతుంది గానీ జవాబు ఎప్పుడూ సున్నా వస్తుంది. "101" లో 0 ని 1 చేస్తే "111". ఇప్పుడు 1 ని 0 చేస్తే "000". మొదటి రీప్లేస్ పుట్టించిన ఒకట్లని రెండోది మింగేస్తుంది. మధ్యలో మూడో అక్షరం వాడాలి (0 ని ముందు * చేసి, 1 ని 0 చేసి, చివర * ని 1 చెయ్యడం), లేకపోతే ట్రాన్స్‌లేట్ వాడాలి, అది రెండిటినీ ఒకేసారి మారుస్తుంది.

ఇంకోటి. బిన్(న) బైనరీ స్ట్రింగ్ ఇస్తుంది, ముందు '0బీ' పెడుతుంది. అందులో మొదటి రెండక్షరాలు కోసేసే అలవాటు మైనస్ సంఖ్యకి పనికిరాదు. బిన్(-5) మొదట్లో మైనస్ గుర్తు ఉంటుంది కాబట్టి రెండు కోసినా 'బీ' అక్షరం మిగిలిపోయి ఇంట్ దగ్గర ఎర్రర్ కొడుతుంది.

టెక్కలి_గుంటడు
ట్రాన్స్‌లేట్‌తో చేసీసేను, 4294967290 వచ్చీసింది. స్ట్రింగే గెలిచింది.

రాజాం_రవ్వట్టు
పది లక్షల సంఖ్యల మీద నడిపి చూడు, ఎవరు గెలిచారో తెలుస్తుంది. ఎక్సార్ ఒక్క పని. నీది ఒక్కో సంఖ్యకి స్ట్రింగ్ కట్టి, కొత్త స్ట్రింగ్ కట్టి, మళ్లీ సంఖ్యగా చదవడం.

అసలు అడగాల్సింది ఎవరూ అడగలేదు. 32 అని షీటులో ఉంది కాబట్టి సరిపోయింది. పోటీ సైట్లలో అడిగేది చాలాసార్లు ఇది కాదు, "సంఖ్యలో ఉన్న బిట్లు మాత్రమే తిరగెయ్యి" అంటారు. అప్పుడు 5 అంటే 101, జవాబు 010, అంటే 2. దానికి:

న ^ ((1 << న.బిట్_లెంగ్త్()) - 1)

5 కి బిట్_లెంగ్త్ 3, మాస్క్ 7, 5 ^ 7 = 2.

పలాస_జీడిపప్పు
మరి 0 కో?

రాజాం_రవ్వట్టు
0 కి బిట్_లెంగ్త్ 0. మాస్క్ 0. జవాబు 0.

టెక్కలి_గుంటడు
నా స్ట్రింగ్‌కి 1 వస్తోంది. బిన్(0) లో ఒక సున్నా ఉంటది కదా, దాన్ని తిరగేస్తే 1. నాదే రైటు.

రాజాం_రవ్వట్టు
0 ని ఒక బిట్ అనుకుంటే నీది రైటు, అసలు బిట్లే లేవనుకుంటే నాది రైటు. ప్రశ్న పెట్టినవాడు తేల్చాలి. లీట్‌కోడ్ అనే కోడింగ్ సైటులో ఈ లెక్కే రెండు నంబర్లతో ఉంది. 476 లో ఇన్‌పుట్ 1 నుంచి మొదలవుతుంది, గొడవే లేదు. 1009 లో 0 కూడా ఇస్తారు, దానికి 1 రావాలంటారు. 476 కి రాసినది తీసుకెళ్లి 1009 లో అతికిస్తే ఆ ఒక్క టెస్టు దగ్గర పోతుంది. పైన "న == 0 అయితే 1" అని ఒక వరుస పెట్టుకోవాలి.

ఎచ్చెర్ల_బ్యాక్‌బెంచ్
మాది 32 బిట్లే, బతికాను. కానీ సీలో వాడికి ఊరికే ~ పెడితేనే ఎలా వచ్చింది?

సాలూరు_లారీ
వాడు అన్‌సైన్డ్ ఇంట్ (మైనస్ లేని పూర్ణసంఖ్య టైపు) పెట్టి, ప్రింటెఫ్‌లో %యు రాసుంటాడు. అక్కడ 32 బిట్లన్న సంగతి టైపులోనే ఉంది, విడిగా మాస్క్ అక్కర్లేదు. అదే ప్రోగ్రామ్‌లో %యు తీసేసి %డి పెట్టమను, వాడికీ -6 వస్తాది. లోపల బిట్లు అవే, చదివే తీరు మారింది.

సీ అంటే అంతా సుఖమనుకోకండి. చిన్న టైపుల దగ్గర అసలు కథ ఉంది. అన్‌సైన్డ్ చార్ న = 5 అనుకోండి, 8 బిట్లు. ~న అంటే 250 అనుకుంటాం. కాదు. ~ చెయ్యకముందే సీ దాన్ని ఇంట్‌గా పెంచీస్తాది. అప్పుడు తిరిగేవి 32 బిట్లు, వచ్చేది -6. మళ్లీ అన్‌సైన్డ్ చార్‌లో పెట్టుకుంటే 250 అవుతాది, మధ్యలో వాడుకుంటే కాదు. చూడండి:

(~న == 250) ఎప్పుడూ తప్పే
(~న >> 4) ని చార్‌లో పెడితే 255, రావాల్సింది 15

రెండోది మరీ దొంగది. -6 ని కుడివైపు జరిపితే మామూలు కంపైలర్లన్నిట్లో పైనుంచి ఒకట్లు దిగుతాయి, అది -1 అవుతాది, చార్‌లో కోస్తే 255. ~ పక్కనే బ్రాకెట్లో (అన్‌సైన్డ్ చార్) అని కాస్ట్ (టైపు మార్పు) పెట్టి, ఆ తర్వాతే జరపాలి. సెన్సార్ నుంచి వచ్చిన బైటు తిరగేసి పై 4 బిట్లు తీసుకునే ప్రతి కోడ్‌లోనూ ముందు ఇదే చూస్తాను.

బొబ్బిలి_వీణ
లారీగారు చెప్పినదానికి ఒకటి కలుపుతాను. సీలో మాస్క్ కట్టేటప్పుడు (1 << 32) - 1 రాయకూడదు. ఇంట్ 32 బిట్లయితే 32 స్థానాలు జరపడానికి భాషలో అర్థమే లేదు, ఏం వచ్చినా కంపైలర్ తప్పు కాదు. ఎక్స్86 ప్రాసెసర్ జరిపే అంకెలో కింది 5 బిట్లే చూస్తుంది, 32 అంటే దానికి 0. కాబట్టి నడిచేటప్పుడు 1 అలాగే ఉండిపోయి మాస్క్ 0 అవుతుంది. అన్నీ తిరగాల్సినచోట ఒక్కటీ తిరగదు. జావాలో, జావాస్క్రిప్ట్‌లో అయితే ఇది రూలే, 1 << 32 అంటే 1.

సాలూరు_లారీ
అవును. సీలో కావాలంటే ~0యు >> (32 - బిట్లు) రాయండి. బిట్లు 1 నుంచి 32 దాకా బాగుంటాది. 0 వస్తే మళ్లీ 32 జరిపినట్టే, అది విడిగా చూసుకోవాలి.

సంఖ్యలో ఎన్ని బిట్లున్నాయో తెలియకపోతే లూప్ లేకుండా మాస్క్ ఇలా (అన్‌సైన్డ్‌లోనే):

మ = న
మ |= మ >> 1
మ |= మ >> 2
మ |= మ >> 4
మ |= మ >> 8
మ |= మ >> 16

పైనున్న ఒకటి కిందికి పాకుతూ పోతాది. 5 కి మొదటి వరుసలోనే 101 | 010 = 111 అయిపోద్ది, మిగతావి ఊరికే నడుస్తాయి. తర్వాత న ^ మ. ఇందులో 0 కి 0 వస్తాది, రవ్వట్టు చెప్పిన గొడవ ఇక్కడా ఉంది.

పలాస_జీడిపప్పు
జావావాళ్లకి అన్‌సైన్డే లేదు, పాపం. వాళ్ల ల్యాబ్‌లో ఏటి చేస్తారో.

బొబ్బిలి_వీణ
బాగానే చేస్తాం. ~5 అక్కడా -6. లాంగ్‌లోకి (64 బిట్ల టైపు) తెచ్చుకుని కోస్తాం:

~5 & 4294967295ఎల్

చివర ఆ ఎల్ మరవకూడదు. అంకెని ఇలా మామూలుగా రాసి ఎల్ మరిస్తే కంపైలరే సంఖ్య పెద్దదైందని ఆపేస్తుంది, అదృష్టం. హెక్స్‌లో (16 అంకెల పద్ధతి) ఎనిమిది ఎఫ్‌లు రాసి ఎల్ మరిస్తే ఆపదు. ఎల్ లేని ఎనిమిది ఎఫ్‌లంటే ఇంట్‌లో -1. -1 తో & చేస్తే ఏదీ మారదు, -6 అలాగే బయటికొస్తుంది. మాస్క్ పెట్టాను కదా ఎందుకు పనిచెయ్యలేదని విద్యార్థులు గంటలు గంటలు కూర్చునేది దీని దగ్గరే. జావా 8 నుంచి ఇంటిజర్ క్లాసులో టు‌అన్‌సైన్డ్‌స్ట్రింగ్ ఉంది, ప్రింట్ చెయ్యడం ఒక్కటే పనైతే అది చాలు.

ఎచ్చెర్ల_బ్యాక్‌బెంచ్
ఇన్‌పుట్ తీసుకుని చేస్తుంటే ~ దగ్గర టైప్ఎర్రర్ అంటోంది. 5 నేరుగా రాస్తే బాగానే ఉంది.

ఆమదాలవలస_ప్యాసింజర్
ఇన్‌పుట్() ఇచ్చేది స్ట్రింగ్. ఇంట్(ఇన్‌పుట్()) అను.

గంటస్తంభం
నెట్‌వర్క్ పనిలో మేం దీన్ని రోజూ వాడతాం, పేరు మాత్రం వైల్డ్‌కార్డ్ మాస్క్. సబ్‌నెట్ మాస్క్ 255.255.252.0 అయితే ఏసీఎల్‌లో (ఎవరిని రానివ్వాలో చెప్పే జాబితా), ఓఎస్‌పీఎఫ్‌లో (రూటర్లు దారి వెతుక్కునే పద్ధతి) రాయాల్సింది 0.0.3.255. 32 బిట్లూ తిరగేయడమే. చేత్తో అయితే ఒక్కో ముక్కని 255 లోంచి తీసెయ్యడం. టెక్కలి అబ్బాయి చెప్పిన తీసివేతే.

టెక్కలి_గుంటడు
చూసేరా.

గంటస్తంభం
నువ్వు స్ట్రింగ్‌తో చేసుంటే చుక్కలు కూడా తిరగేసేవాడివి.

స్క్రిప్ట్‌లో అయితే నాలుగు ముక్కల్ని ఒక సంఖ్య చేసుకోండి, 4294966272 అవుతుంది. 4294967295 తో ఎక్సార్ చేస్తే 1023, అంటే 3 × 256 + 255, అదే 0.0.3.255. ఇక్కడ ఊరికే ~ పెడితే -4294966273 వచ్చి, దాన్ని మళ్లీ నాలుగు ముక్కలు చెయ్యబోతే చెత్త రావచ్చు.

షీటులో చేసుకునేవాళ్లకి: ఎక్సెల్ 2013 నుంచి బిట్‌ఎక్సార్ ఫార్ములా ఉంది. =బిట్‌ఎక్సార్(5, 4294967295) కొడితే 4294967290 ఇస్తుంది.

రాజాం_రవ్వట్టు
డేటాబేస్‌లో తిరగేసేవాళ్లు ఒకటి చూసుకోండి. మైఎస్‌క్యూఎల్‌లో ~5 కి 18446744073709551610 వస్తుంది, ఎందుకంటే అది 64 బిట్ల అన్‌సైన్డ్‌లో లెక్కేస్తుంది. పోస్ట్‌గ్రెస్‌లో అదే ~5 కి -6. క్వెరీ ఒకటే, సర్వర్ మారితే జవాబు మారిపోతుంది. నంపైలో (పైథాన్‌లో అంకెల లైబ్రరీ) అయితే అర్రే టైపుని బట్టి: యు‌ఇంట్8 అయితే 250, యు‌ఇంట్32 అయితే 4294967290, టైపు ఏమీ చెప్పకపోతే -6.

పలాస_జీడిపప్పు
5 ఒక్కటే, జవాబులు బస్టాండులో ఆటోవాళ్ల రేట్లలాగున్నాయి.

ఎచ్చెర్ల_బ్యాక్‌బెంచ్
ఒక్క బిట్ మాత్రమే తిరగెయ్యాలంటే? రెండో ప్రశ్న అది. కుడినుంచి 3వ బిట్.

బొబ్బిలి_వీణ
న ^ (1 << 3). లెక్క 0 నుంచి మొదలు, కాబట్టి ఇది కుడినుంచి నాలుగోది. షీటులో 1 నుంచి లెక్కపెట్టారో 0 నుంచో ముందు అడుగు, మార్కులు పోయేది అక్కడే. 5 కి 3 అంటే 13, 2 అంటే 1.

సాలూరు_లారీ
బోర్డుల మీద పనంతా ఇదే. ఆర్డునో యూనో ఆర్3 బోర్డులో 13వ పిన్ ఎల్‌ఈడీ తిప్పాలంటే పోర్ట్‌బి ^= (1 << 5). కానీ ఇది చదవడం, ఎక్సార్ చెయ్యడం, రాయడం అని మూడు మెట్లు. మధ్యలో ఇంటరప్ట్ (నడుస్తున్న పని ఆపి దూరే వేరే కోడ్) వచ్చి అదే పోర్టులో వేరే పిన్ మారిస్తే, మనం పాత విలువ తిరిగి రాసీసి దాన్ని చెరిపీస్తాం. ఆ చిప్‌లో పిన్‌బి = (1 << 5) అని రాస్తే హార్డ్‌వేరే ఆ ఒక్క పిన్‌ని తిప్పీస్తాది, ఒక్క రాతతో అయిపోద్ది. అక్కడ |= మాత్రం రాయొద్దు. కంపైలర్ దాన్ని చదివి, కలిపి, రాసే వరుసగా మారిస్తే అప్పటికి హైలో ఉన్న మిగతా పిన్లు కూడా తిరిగిపోతాయి.

టెక్కలి_గుంటడు
ట్రూ, ఫాల్స్‌కి కూడా ~ వాడొచ్చా?

ఆమదాలవలస_ప్యాసింజర్
వద్దు. పైథాన్‌లో ట్రూ అంటే 1, ~ట్రూ అంటే -2, -2 కూడా నిజం కిందే లెక్క. ఇఫ్‌లో పెడితే రెండువైపులా నిజమే. 3.12 నుంచి దానికి హెచ్చరిక కూడా వస్తోంది. దానికి నాట్ ఉంది. సీలో ! ఉంది. అలాగని రస్ట్ భాషకి వెళ్తే అక్కడ సంఖ్యల బిట్లు తిరగేసేదీ ! నే, ~ లేదు. గో భాషలో సంఖ్య ముందు ^ పెట్టాలి.

పలాస_జీడిపప్పు
ఇక్కడ అందరూ తెలుగు అక్షరాల్లో కోడ్ రాస్తన్నారు, నిజంగా నడుస్తాదా?

ఆమదాలవలస_ప్యాసింజర్
ప్రింట్, ఇంట్ లాంటివి ఇంగ్లీషులోనే కొట్టాలి. వేరియబుల్ పేర్లు మాత్రం పైథాన్ 3 లో తెలుగులో పెట్టుకోవచ్చు, "సంఖ్య = 5" నడుస్తుంది. జావాలోనూ నడుస్తుంది. గోలో "న" నడుస్తుంది, "సంఖ్య" నడవదు. అది అక్షరాల్నీ అంకెల్నీ అండర్‌స్కోర్‌నీ తప్ప సున్నా, ఒత్తు, గుణింతం గుర్తుల్ని పేరులో ఒప్పుకోదు.

పలాస_జీడిపప్పు
గోకి గుణింతాలు రావన్నమాట.

సరే, జావాస్క్రిప్ట్ సంగతి నేనే చెప్తాను, ఎవరూ ఎత్తట్లేదు. అక్కడ ~5 కి -6 వస్తాది. పక్కన >>> 0 పెడితే అన్‌సైన్డ్ అయిపోద్ది:

~5 >>> 0

4294967290. ఇంకేటీ అక్కర్లేదు. & 4294967295 పెట్టినా లాభం లేదు, దానికీ -6 వస్తాది. & చేసేటప్పుడు ఆ పెద్ద అంకెని కూడా 32 బిట్ల సైన్డ్ చేసీస్తాది, అది -1 అయిపోద్ది. వీణగారు జావాలో చెప్పిన ఎనిమిది ఎఫ్‌ల కథే.

ఎచ్చెర్ల_బ్యాక్‌బెంచ్
జావాస్క్రిప్ట్‌లో 64 బిట్లు తిరగెయ్యాలంటే? >>> తో అవుతుందా?

పలాస_జీడిపప్పు
అవదు. మామూలు నంబర్ మీద ఏ బిట్ పని చేసినా 32 దగ్గర కోసీస్తాది. బిగ్‌ఇంట్ వాడాలి, దాని మీద >>> రాస్తే టైప్ఎర్రర్ కొడతాది. 5 పక్కన ఎన్ అక్షరం పెట్టి తిరగేసి, బిగ్‌ఇంట్.యాజ్‌యు‌ఇంట్‌ఎన్(64, ~5ఎన్) అను. 18446744073709551610 వస్తాది. బిగ్‌ఇంట్‌కీ పైథాన్‌లాగే హద్దు లేదు, ఆ 64 చెప్పకపోతే మళ్లీ -6 ఏ.